వెనక బంపర్ నల్ల ప్లాస్టిక్, క్రోమ్ పట్టీ: దేనికి రంగు, దేనికి వినైల్, దేన్ని ముట్టుకోకూడదు

నరసన్నపేట నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయనది ఐదేళ్ల తెల్ల హ్యాచ్‌బ్యాక్. వెనక బంపర్ కింది భాగం గరుకు నల్ల ప్లాస్టిక్, అది ఇప్పుడు బూడిద రంగుకి తిరిగింది. దాని పైన అడ్డంగా ఉన్న క్రోమ్ పట్టీ మీద చుక్కలు పడ్డాయి. రెండింటినీ నిగనిగలాడే పియానో బ్లాక్ చేయించి, కింద కార్బన్ ఫైబర్ డిజైన్ స్టిక్కరు, ఒక డిఫ్యూజర్ (బంపర్ అడుగున బిగించే రెక్కల ముక్క) పెట్టించాలని ఉంది. ఒక షాపులో "మొత్తం పెయింట్ కొట్టేద్దాం" అన్నారట, ఇంకో చోట "స్టిక్కరు చాలు" అన్నారట. ఏది నిలుస్తుంది, ఇంట్లో చేసుకోగలనా, పోలీసులతో గానీ ఆర్టీవోతో గానీ ఇబ్బంది వస్తుందా, దసరా లోపు అవుతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. గరుకు నల్ల ప్లాస్టిక్‌కి పెయింట్ వేయించకండి. బాగా శుభ్రం చేసి, ట్రిమ్ కోటింగ్ వేసి, దాని అసలు మాట్ నలుపుకే తెచ్చుకోండి. క్రోమ్ పట్టీకి మంచి రకం నల్ల వినైల్, అంటే స్టిక్కరులా అంటించే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్, వేయించండి. కార్బన్ స్టిక్కరు, డిఫ్యూజర్ రెండూ మానేయండి. మొదటి పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు. రెండోది చేయి తిరిగినవాళ్ల చేత చేయించండి. ఇదంతా అయ్యాక కూడా పియానో బ్లాక్ మీదే మనసుంటే, బండికి ఉన్న ముక్కని ముట్టుకోకుండా అదే ముక్క కొత్తది కొని దానికి పెయింట్ వేయించండి.

నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా బంపర్ రిపేర్లు, పెయింటింగ్, వినైల్ పని చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే బండ్లలో కొత్తగా అందం చేయించుకునేవి కొన్నే. ఇంకో చోట చేయించింది ఊడిపోయి, దాన్ని సరిచేయమని వచ్చేవే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బంపర్ ఏ ప్లాస్టిక్‌తో చేశారో ముందు చూడండి

బండి వెనక వంగి, బంపర్ లోపలి అంచు మీద టార్చి వేసి చూడండి. చిన్న ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఎక్కువ బండ్లలో అది పీపీ, పక్కనే ఈపీడీఎం అని ఉంటుంది. అంటే పాలీప్రొపిలీన్‌లో రబ్బరు కలిపిన రకం. టీడీ అనే అక్షరాల పక్కన ఒక అంకె కూడా ఉండొచ్చు. అది ప్లాస్టిక్‌లో కలిపిన టాల్క్ పొడి ఎంత శాతమో చెబుతుంది. క్రోమ్ పట్టీ వెనక మాత్రం ఏబీఎస్ అని ఉంటుంది, ఎందుకంటే ఎలక్ట్రోప్లేటింగ్ ఏబీఎస్‌కి బాగా పడుతుంది.

ఈ రెండు ప్లాస్టిక్‌ల స్వభావం వేరు. పాలీప్రొపిలీన్‌కి ఏదీ అంత తేలిగ్గా అంటుకోదు. తామరాకు మీద నీటిబొట్టులా పెయింట్ దాని మీద నిలబడుతుంది కానీ పట్టుకోదు. కంపెనీలో తెల్ల రంగు వేసే పై భాగానికి ముందే మంట తగిలించో, ప్రత్యేకమైన ప్రైమర్ వేసో పట్టు తెప్పిస్తారు. కింది నల్ల గరుకు భాగానికి రంగు వేసే ఉద్దేశం లేదు కాబట్టి ఆ పనేమీ చేయరు. అందుకే అదే షాపులో, అదే మనిషి, అదే పెయింట్ వేసినా పై భాగానికి నిలిచి కింది భాగానికి ఊడుతుంది.

దీనికి మందు ప్లాస్టిక్ ప్రైమర్. పెయింట్ దుకాణాల్లో అడ్హిషన్ ప్రమోటర్ అని అడిగినా ఇస్తారు. ఇందులో చాలా రకాలు క్లోరినేటెడ్ పాలీఒలిఫిన్‌తో చేసినవి. పల్చగా ఒకటి రెండు పూతలు వేసి, డబ్బా మీద రాసిన సమయం లోపల పై రంగు వేసేయాలి. మామూలు బాడీ ప్రైమర్ దీనికి బదులు కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక బండి కింది బంపర్‌కి ఎక్కడో మామూలు ప్రైమర్ మీద నలుపు కొట్టారు. చూడ్డానికి చక్కగానే ఉండేదట. సర్వీసింగ్‌లో ప్రెషర్ వాటర్ కొట్టగానే ఒక మూల లేచి, గోటితో లాగితే పొరంతా ఒకే పట్టాగా వచ్చేసింది. దాని మీద మళ్లీ రంగు వేయడానికి వీల్లేదు. మిగిలిందంతా గీకి తీశాకే పని మొదలుపెట్టాలి. ఆ గీకుడుకి అయిన కూలి మొదట పెయింట్‌కి ఇచ్చిన దానికంటే ఎక్కువైంది.

ఆ బూడిద రంగు ఎందుకొచ్చింది

నల్ల ప్లాస్టిక్ తెల్లబోవడానికి ఒకటే కారణం ఉండదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పై పొర ఆక్సీకరణం చెంది పొడి పొడిగా అవుతుంది. అది నిజంగా పాడైనట్టు. కానీ చాలా బండ్లలో కనిపించే తెలుపులో సగం వేరే సరుకు. తెల్ల భాగానికి పాలిష్, వ్యాక్స్ రుద్దినప్పుడు కిందికి జారి గరుకులో ఇరుక్కుని ఎండిపోయిన మడ్డి కొంత. బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేస్తే పడే ఉప్పు మరకలు కొంత. మిగతాది మన రోడ్ల దుమ్ము. టెక్కలి వైపు గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగే బండ్ల వెనక భాగం మీద ఆ బూడిద పొడి ఎలా పేరుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు. బండి కదిలేటప్పుడు వెనక గాలి సుడి తిరిగి దుమ్ముని బంపర్ మీదికే లాగుతుంది. ముందు బంపర్ కంటే వెనకది మురికిగా ఉండటానికి కారణం అదే.

ఒక చిన్న పరీక్ష చేయండి. బంపర్‌ని షాంపూతో కడిగి, తడిగా ఉన్నప్పుడు చూడండి. తడి మీద చక్కటి నలుపు కనిపించి, ఆరాక మళ్లీ బూడిద అయితే ప్లాస్టిక్ బాగుపడే స్థితిలోనే ఉందని అర్థం. తడి మీద కూడా మచ్చలు మచ్చలుగా, వేలికి తెల్లపొడి అంటుకునేలా ఉంటే పై పొర బాగా దెబ్బతిన్నట్టు. అప్పుడు కోటింగ్ వేసినా నలుపు కొద్ది నెలలే నిలుస్తుంది.

శుభ్రం చేయడమే ఇందులో అసలు పని, దాని మీదే సమయం పెట్టండి. ఆల్ పర్పస్ క్లీనర్‌ని డబ్బా మీద చెప్పినంత నీళ్లు కలిపి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో గరుకు ఏ దిశలో ఉందో ఆ దిశలోనూ, దానికి అడ్డంగానూ రుద్దండి. నురుగు మట్టి రంగు పోయి తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ఎండలో చేయొద్దు, క్లీనర్ ఎండిపోయి కొత్త మరకలు పడతాయి. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. గరుకు సందుల్లో తేమ దాక్కుంటుంది కాబట్టి గంటో రెండు గంటలో నీడలో వదిలేయండి. మన వైపు వానాకాలంలో గాలిలో తేమ చాలా ఎక్కువ, ఆ రోజుల్లో ఇంకాస్త ఆగడం మంచిది.

తర్వాత వేసేది రెండు రకాలు. ఒకటి సిలికాన్ డ్రెస్సింగ్, టైర్ పాలిష్ లాంటిది. వేసిన రోజు నిగనిగలాడుతుంది, నాలుగు వానలకి పోతుంది, ఈలోపు జిడ్డు మీద దుమ్ము అంటుకుంటుంది. రెండోది ట్రిమ్ కోటింగ్, ప్లాస్టిక్ మీద పట్టి గట్టిపడే రకం. చిన్న సీసా, స్పాంజితో పల్చగా పూసి, కాసేపాగి మిగులు తుడిచేయాలి. నా అనుభవంలో ఇది బాగా శుభ్రం చేసిన బంపర్ మీద ఏడాది దాకా నలుపు నిలబెడుతుంది. సీసా కొనేటప్పుడు అది కోటింగా, డ్రెస్సింగా అని అడిగి తీసుకోండి. మూతలు, సీసాలు ఒకలాగే ఉంటాయి.

ఇక్కడ గట్టిగా ఒక మాట. డీజిల్, కిరసనాయిలు, వాడేసిన ఇంజిన్ ఆయిల్ రుద్దితే నల్లగా అవుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. అవుతుంది, రెండు రోజులు. ఈపీడీఎం రబ్బరుకి పెట్రోలియం నూనెలు పడవు, వాటిని పీల్చుకుని ఉబ్బుతుంది. పైగా ఆ నూనె ప్లాస్టిక్‌లోకి దిగాక దాని మీద ఏ కోటింగూ, ఏ పెయింటూ నిలవదు. హీట్ గన్‌తో కాలిస్తే నలుపు తిరిగి వస్తుందని కూడా వీడియోల్లో చూసి ఉంటారు. వస్తుంది, కానీ ఎక్కువ కాలం ఉండదు. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హీట్ గన్ గాలి 500 డిగ్రీలు దాటుతుంది. చేయి ఒక్క క్షణం ఆగితే గరుకు కరిగి అక్కడొక నున్నటి మచ్చ పడుతుంది. దాన్ని తీయడానికి ఏ దారీ లేదు.

పియానో బ్లాక్ ఎందుకు వద్దంటున్నాను

గరుకు మీద నేరుగా పెయింట్, దాని మీద క్లియర్ కోటు (మెరుపు కోసం వేసే పారదర్శక పూత) వేస్తే నున్నగా అవదు. గరుకు అలాగే కనిపిస్తూ దాని మీద మెరుపు వస్తుంది, చవక బొమ్మ మీద వార్నిష్ వేసినట్టు కనిపిస్తుంది. నున్నగా కావాలంటే ప్లాస్టిక్ ప్రైమర్, దాని మీద మందపు ఫిల్లర్ ప్రైమర్, వాటర్ పేపర్‌తో రుద్దుడు, మళ్లీ ప్రైమర్, మళ్లీ రుద్దుడు. పాలీప్రొపిలీన్‌ని పొడిగా రుద్దితే నూగు లేస్తుంది, అది ఇంకో తలనొప్పి. ఇంత మందం ఎక్కాక బంపర్ వంగినప్పుడు పెయింట్ పగలకుండా ఫ్లెక్స్ అడిటివ్ కలపాలి. కలపని షాపుల్లో వేయించిన బంపర్లకి ఎవరో బండి ఆనించగానే సాలెగూడు పగుళ్లు రావడం చాలాసార్లు చూశాను.

సరే, అంతా సరిగ్గా చేశారనుకుందాం. వెనక బంపర్ కింది భాగం అంటే డిక్కీలో సామాన్లు పెట్టేటప్పుడు మోకాలు తగిలే చోటు. బజారులో పక్కన ఆపిన బైక్ ఫుట్‌రెస్ట్ గీసే చోటు, టైరు ఎగరేసిన కంకర తగిలే చోటు. కంపెనీ వాళ్లు అక్కడ గరుకు ప్లాస్టిక్ పెట్టడం ఖర్చు తగ్గించుకోవడానికి మాత్రమే కాదు. గీత పడినా కనపడకూడదని కూడా. క్రెటా, బ్రెజా, నెక్సాన్ లాంటి బండ్లకి చుట్టూ నల్ల ప్లాస్టిక్ అంచు (క్లాడింగ్) ఉండటంలోనూ ఆ ఉపయోగం ఉంది. అదే చోట పియానో బ్లాక్ పెడితే మెత్తటి గుడ్డతో పొడి దుమ్ము తుడిచినా సన్నటి గీతలు గుండ్రంగా కనిపిస్తాయి. మన ఎర్రమట్టిలో ఇసుక ఎక్కువ. షోరూమ్ లైట్ల కింద అద్భుతంగా ఉండే ఆ నలుపు నెల తిరిగేసరికి రోజూ చూసుకుని బాధపడేలా తయారవుతుంది. బండిని మీరెంత ప్రేమగా చూసుకుంటున్నారో మీ ప్రశ్నలోనే తెలుస్తోంది, అందుకే ఈ బాధ మీకు వద్దంటున్నాను.

విశాఖ, శ్రీకాకుళం మధ్య అద్దెకి తిరిగే ఒక కారు ఓనరు ఇలాగే పియానో బ్లాక్ కావాలని వచ్చారు. బంపర్ ఒక పక్క శుభ్రం చేసి కోటింగ్ వేసి, రెండో పక్క అలాగే వదిలి చూపించాను. తెల్ల బాడీ కింద చిక్కటి మాట్ నలుపు ఎంత హుందాగా ఉంటుందో కంటితో చూశాక ఆయన పెయింట్ మాటే ఎత్తలేదు. మీరు కూడా ముందు ఒక మూల చేసి చూసుకోండి.

అయినా కావాలంటే చాలా బండ్లలో ఈ కింది ముక్క విడిగా వస్తుంది, క్లిప్పులు, స్క్రూలతో బిగించి ఉంటుంది. స్పేర్ పార్ట్స్ వాళ్లకి ఛాసిస్ నంబరు ఇస్తే మీ మోడల్‌కి విడిగా దొరుకుతుందో లేదో చెబుతారు. కొత్త ముక్క మీద వ్యాక్స్ మడ్డి, డ్రెస్సింగ్ జిడ్డు ఉండవు, కాబట్టి పెయింట్ బాగా పట్టుకుంటుంది. అచ్చులోంచి వచ్చేటప్పటి జారుడు పూత మాత్రం ఉండొచ్చు, దాన్ని సబ్బు నీళ్లతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచాకే మొదలుపెట్టాలి. పాత ముక్క ఇంట్లో దాచుకోండి. బండి అమ్మేటప్పుడో, విసుగొచ్చినప్పుడో తిరిగి బిగించుకోవచ్చు. వేలాడుతున్న బంపర్‌కి మాస్కింగ్ టేపు అంటించి బండి మీదే స్ప్రే చేసే షాపుకి ఇవ్వకండి. అంచుల వెనక పెయింట్ వెళ్లదు, నీళ్లు దిగేది అక్కడి నుంచే.

ఇంట్లో స్ప్రే డబ్బాతో చేస్తానంటే ఒక హెచ్చరిక. టూకే క్లియర్ కోటులో, అంటే హార్డెనర్ కలిపి గట్టిపరిచే రకంలో, ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. బట్ట మాస్కు, మామూలు డస్ట్ మాస్కు వాటిని ఆపలేవు, ఊపిరితిత్తులకి అవి చాలా ప్రమాదం. పిల్లలున్న ఇంటి వసారాలో ఆ పని అసలు చేయకండి.

క్రోమ్ పట్టీ సంగతి

వెనకటి అంబాసిడర్ బంపర్ ఇనుము, దాని మీద క్రోమ్. ఇప్పటి పట్టీ ప్లాస్టిక్, దాని మీద వరసగా రాగి, నికెల్, అన్నిటికంటే పైన చాలా పల్చటి క్రోమియం. ఉప్పుగాలి ఆ క్రోమియం పొరలోని సన్నటి రంధ్రాల్లోంచి దిగి కింది పొరల్ని తినేస్తుంది. కళింగపట్నం, బారువ, భీమిలి వైపు బండ్లకి ఈ చుక్కలు త్వరగా రావడానికి అదే కారణం. ఒకసారి పడిన చుక్క పాలిష్‌తో పోదు. పాలిష్ పైన ఉన్న మురికిని తీస్తుంది, తినేసిన లోహాన్ని తిరిగి పెట్టలేదు.

చుక్కలు తక్కువగా ఉంటే నల్ల వినైల్ చక్కటి దారి. కానీ వినైల్ చుక్కల్ని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఈ పని కోసం వాడే మంచి ఫిల్మ్ మందం సుమారు 90 మైక్రాన్లు మాత్రమే, కింద ఏమున్నా పైకి తెలుస్తుంది. కళింగపట్నం నుంచి వచ్చిన ఒక బండికి ముందెవరో చుక్కల మీదే వినైల్ అంటించారు. తుప్పు లోపల పెరుగుతూ పోయి ఫిల్మ్ మీద పొక్కుల్లా లేచింది. విప్పి చూస్తే క్రోమ్ పొర ఫిల్మ్‌తో పాటే ఊడొచ్చింది. కాబట్టి ముందు చుక్కల్ని 800 నంబరు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది, వేలితో తడిమితే ఏమీ తగలకుండా చేయాలి. పొర లేచి ఉన్నచోట జాగ్రత్త, చిరిగిన క్రోమ్ అంచు బ్లేడులా కోస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి. పట్టీ మొత్తం పొక్కులెక్కి ఉంటే వినైల్ ఖర్చు దండగ, కొత్త పట్టీ కొని దాని మీద వేయించండి.

వినైల్‌లో కాస్ట్, క్యాలెండర్డ్ అని రెండు రకాలు. క్యాలెండర్డ్‌ని రోలర్ల మధ్య నొక్కి చేస్తారు కాబట్టి కాలం గడిచేకొద్దీ వెనక్కి ముడుచుకునే గుణం దానికి ఉంటుంది, ఎండకి అంచుల దగ్గర కుంచించుకుని కింది జిగురు గీత బయటపడుతుంది. కాస్ట్ ఫిల్మ్‌ని ద్రవంగా పోసి ఆరబెడతారు, అది వేసిన ఆకారంలోనే ఉంటుంది. త్రీఎం, ఏవరీ లాంటి కంపెనీలు రెండు రకాలూ అమ్ముతాయి. అందుకే కంపెనీ పేరు చూసి ఊరుకోకుండా రోల్ డబ్బా మీద కాస్ట్ అని ఉందో లేదో చూడండి.

బండి మీద ఉండగా వేస్తే ఫిల్మ్‌ని అక్కడే బ్లేడుతో కోయాలి, ఆ కోత కింది పెయింట్‌కి దిగుతుంది. పట్టీ విప్పి వేస్తే ఫిల్మ్‌ని వెనక్కి మడవొచ్చు, అంచు కనపడదు, ఊడదు. పట్టీకి వెనక క్లిప్పులు, డబుల్ సైడ్ టేపు ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, పట్టీ వెనక నుంచి గట్టి నైలాన్ దారం అటూ ఇటూ లాగితే టేపు కోసుకుపోతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే పట్టీ విరుగుతుంది, పెయింటూ పోతుంది.

వేశాక సాగదీసిన చోట ఫిల్మ్‌ని 90 నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేస్తే అది ఆ ఆకారంలో స్థిరపడుతుంది. కానీ పట్టీ ఏబీఎస్ కదా, అది కూడా 100 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. కాబట్టి పట్టీ మీద ఫిల్మ్‌ని లాగకుండా పరిచి వేసేవాళ్లనే నమ్ముకోండి, చేతిలో వేడి కొలిచే గన్ ఉందో లేదో చూడండి. తిరిగి అంటించేటప్పుడు పాత టేపు ముక్కలు పూర్తిగా తీసి, ఆల్కహాల్‌తో తుడిచి, త్రీఎం వీహెచ్‌బీ లాంటి టేపు వాడాలి. ఈ టేపుకి మామూలు వాతావరణంలో 20 నిమిషాల్లో సగం పట్టు, 24 గంటల్లో 90 శాతం, 72 గంటల్లో పూర్తి పట్టు వస్తుంది. అంటే మూడు రోజులు బండి కడగకూడదు.

క్రోమ్ స్ప్రే డబ్బా కొని మళ్లీ క్రోమ్‌లా చేద్దామనే ఆలోచన ఉంటే వదిలేయండి, అది సిల్వర్ పెయింట్‌లా కనిపించి, కొన్నాళ్లకి మసకబారుతుంది. ఊడదీసుకోగలిగే రబ్బరు స్ప్రే పర్వాలేదు, కానీ పల్చగా వేస్తే తర్వాత ముక్కలు ముక్కలుగా తప్ప ఊడదు.

కార్బన్ స్టిక్కరు, డిఫ్యూజర్

స్టిక్కరు గరుకు ప్లాస్టిక్‌కి అంటుకోదు. జిగురు గరుకు శిఖరాల్నే పట్టుకుంటుంది, లోయల్లో గాలి ఉండిపోతుంది. అంచులకి ప్రైమర్ పూసి అంటించే షాపులు ఉన్నాయి, కానీ తీసేటప్పుడు ఆ ప్రైమర్ జిగురు గరుకులో ఉండిపోతుంది. సైలెన్సర్ గొట్టం దగ్గరైతే వేడికి మొదట ముడుచుకునేది అక్కడే.

డిఫ్యూజర్ పని రేసు బండి కింద గాలిని మలచడం. దానికి బండి అడుగు భాగమంతా చదునుగా ఉండాలి, వేగం ఉండాలి. మన హ్యాచ్‌బ్యాక్ కింద అది అలంకారం మాత్రమే. ఆ అలంకారానికి బంపర్‌లో రంధ్రాలు పెట్టాలి. లోపల సెన్సర్ వైర్లు ఉంటాయి, దెబ్బని పీల్చుకునే ఫోమ్ ఉంటుంది. పైగా మన ఊళ్లలో ఇంటి ముందు ర్యాంపు ఎంత నిటారుగా కడతారో, పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లు ఎంత ఎత్తు వేస్తారో మీకు తెలుసు. కిందికి వేలాడే ముక్క మొదట తగిలేది అక్కడే. అది ఊడితే ఊడింది, బంపర్‌ని కూడా చింపుకుపోతుంది.

ఆ డబ్బుతో డిక్కీ అంచు కింద బంపర్ పై భాగానికి పారదర్శకమైన పీపీఎఫ్ (పెయింట్‌ని గీతల నుంచి కాపాడే ఫిల్మ్) వేయించండి. సాలూరు నుంచి వ్యాపారం పని మీద తిరిగే ఒకాయన రోజూ పెట్టెలు ఎక్కించి దించుతారు. పీపీఎఫ్ వేశాక ఆ అంచు మీద తెల్ల పెయింట్ ఇప్పటికీ కొత్తగానే ఉంది.

సెన్సర్లు, రిఫ్లెక్టర్లు, చట్టం

2019 జులై 1 నుంచి కొత్త కార్లకి వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి, మీ బండికీ ఉంటాయి. ఆ గుండ్రటి బిళ్లలు అల్ట్రాసోనిక్ శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటాయి. వాటి మీద వినైల్ పడకూడదు, మందపు పెయింట్ పడకూడదు, ట్రిమ్ కోటింగ్ కూడా అంటకుండా టేపు వేసుకోండి. రంగు వేయాల్సి వస్తే విప్పి, విడిగా, ఒక్క పల్చటి పూత. బ్లైండ్ స్పాట్ హెచ్చరిక (అద్దాల్లో కనపడని చోట ఉన్న బండి గురించి చెప్పేది) ఉన్న బండ్లలో బంపర్ మూలల వెనక రాడార్ ఉంటుంది. అక్కడ లోహపు పొడి ఉన్న పెయింట్, మందపు లప్పం, క్రోమ్ ఫిల్మ్ ఏవీ వద్దు.

కింది నల్ల ముక్కలోనే ఎర్ర రిఫ్లెక్టర్లు ఉంటే వాటిని నల్లగా చేయడానికి అస్సలు ఒప్పుకోకండి. "అన్నీ బ్లాక్ చేస్తే సెట్ అవుతుంది" అని షాపుల్లో అంటారు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం తప్పనిసరి. అంతకంటే ముఖ్యం, రాత్రి రణస్థలం దాటాక హైవే పక్కన బండి ఆగిపోయి, బ్యాటరీ కూడా పోతే వెనకొచ్చే లారీ డ్రైవరుకి మీరు కనిపించేది వాటి వల్లే. టెయిల్ లైట్ల మీద స్మోక్ ఫిల్మ్‌కీ నా జవాబు ఇదే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. మీరు చేయబోయే రెండు పనులకీ దీంతో సంబంధం లేదు. ప్లాస్టిక్‌ని దాని సొంత నలుపుకి తేవడం, చిన్న పట్టీ మీద ఫిల్మ్ వేయడం వల్ల ఆర్సీలో ఉన్న తెలుపు తెలుపుగానే ఉంటుంది. చిక్కు వచ్చేది వెనక ఇనుప గార్డు బిగించినప్పుడు. క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. నంబరు ప్లేటు బంపర్‌లోనే ఉన్న బండ్లలో హై సెక్యూరిటీ ప్లేటు లాక్‌లు విరగ్గొట్టి విప్పే షాపుకి ఇవ్వకండి, ప్లేటు చుట్టూ మాస్కింగ్ చేయించండి.

దసరా లోపు అవుతుందా

అవుతుంది. వానలేని రోజు చూసి బంపర్ శుభ్రం చేయడం, కోటింగ్ మీరు ఒక పూటలో చేసుకోవచ్చు. కోటింగ్ వేసిన రాత్రి మంచు, వాన పడకుండా కప్పు కింద ఉంచండి. క్రోమ్ పట్టీ పని షాపులో ఒక రోజు, తర్వాత కడగకుండా మూడు రోజులు. ఈ వరసలో కాకుండా ముందు పట్టీ వేయించి తర్వాత క్లీనర్‌తో రుద్దితే కొత్త ఫిల్మ్ అంచుల్లోకి క్లీనర్ దిగుతుంది, కాబట్టి శుభ్రం ముందు, వినైల్ తర్వాత. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దగ్గరపడితే విజయనగరంలో షాపులన్నీ పూజ బండ్లతో నిండిపోతాయి, హడావిడిగా చేయించే వినైల్ బాగుండదు. కనీసం రెండు వారాల ముందే ఇచ్చేయండి.

షాపు వాళ్లని పట్టీ విప్పి వేస్తారా, బండి మీదే వేస్తారా అని అడగండి. పెయింట్ అయితే ప్లాస్టిక్ ప్రైమర్ డబ్బా చూపించమనండి. చూపించడానికి విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోండి.

మీ బంపర్ లోపలి అచ్చు అక్షరాల ఫొటో, తడిగా ఉన్నప్పుడు ఒకటి, ఆరాక ఒకటి, క్రోమ్ చుక్కల మీద దగ్గరగా ఒకటి ఇక్కడ పెట్టండి. పట్టీ నిలబెట్టుకోదగ్గదా, కొత్తది కొనాలా అనేది ఆ ఫొటో చూస్తే చెప్పగలను.